బోర్డు మీది పేరు, పత్రంలోని పేర్లు

ఇంటి పెద్ద కన్నుమూసి మూడు నెలలు కూడా కాలేదు. ఆయన భార్య ఇంకా ఇద్దత్ గడువులోనే ఉన్నది. కొడుకులిద్దరూ ఏలూరు వెళ్లి రంగుల బోర్డు ఒకటి రాయించి తెచ్చారు. అద్దె గదుల వరుస మొదట్లో, వేపచెట్టు పక్కన దాన్ని నిలబెట్టారు. తండ్రి పేరు, ఆ పేరు వెనుక ‘అండ్ సన్స్’, దాని కింద ‘రెంటల్స్’ అన్న మాట, ఇంకా కింద ఫోన్ నంబరు. పెళ్లయి తాడేపల్లిగూడెంలో కాపురముంటున్న కూతురు తల్లిని చూడవచ్చినప్పుడు ఆ బోర్డు చదివింది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి తల్లి పక్కన కూర్చున్నది.

ఇది ఏ ఒక్క కుటుంబానికీ చెందిన ఉదంతం కాదు. పెదవేగి, దెందులూరు, ఏలూరు, గూడెం పరిసరాల్లో మన ఇళ్ల మధ్య కనిపించే పరిస్థితులను కలిపి చెబుతున్న ఉదాహరణ మాత్రమే. ఏలూరుకు దగ్గరలో ఉన్న పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది, పామాయిలు మిల్లు ఉన్నది, నవోదయ విద్యాలయం ఉన్నది. కొలువుల కోసం, పనుల కోసం వచ్చినవారికి తలదాచుకోవడానికి గది కావాలి. గల్ఫ్‌లో కష్టపడి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారు, వ్యవసాయం అమ్ముకున్నవారు, పదవీ విరమణ డబ్బు అందుకున్నవారు రోడ్డు వారగా నాలుగైదు గదులు కట్టుకుని ముసలితనానికి ఆసరా చేసుకోవడం ఈ ప్రాంతంలో సాధారణం. ఆ గదులు కట్టినాయన ఉన్నంతకాలం ఏ సమస్యా ఉండదు. ఆయన వెళ్లిపోయిన మర్నాటి నుంచే ప్రశ్నలు మొదలవుతాయి.

మన ఉదాహరణలోని అన్నదమ్ములకు బోర్డు ఆలోచన ఊరకే పుట్టలేదు. అమెరికాలో ఉన్న మేనమామ ఫోన్‌లో చెప్పాడు: “ఇక్కడైతే బిజినెస్ పేరు రిజిస్టర్ చేయకుండా వ్యాపారం చేయకూడదు, మీరూ చేయించండి.” పక్క వీధి మిత్రుడు ఇంకోటి చెప్పాడు: “మావాళ్లు ఉమ్మడి కుటుంబం పేరున పాన్ కార్డు తీశారు, పన్ను కలిసొస్తుంది.” ఇంకెవరో “ఫర్ము పెట్టండి, బ్యాంకు అప్పు తేలికగా పుడుతుంది” అన్నారు. మూడు సలహాలూ మంచి మనసుతో ఇచ్చినవే. మూడింటిలోనూ ఈ ఇంటికి సరిపోయేది ఒక్కటీ లేదు.

అసలు ప్రశ్నకు సమాధానం చిన్నది. సొంత ఇంటినో, గదులనో, ఒకటి రెండు దుకాణపు గదులనో అద్దెకిచ్చుకునే యజమాని మన దేశంలో ఏ వ్యాపార నామాన్నీ నమోదు చేయించుకోనవసరం లేదు. కంపెనీ పెట్టేవారికి కంపెనీల చట్టం ఉన్నది, భాగస్వామ్య సంస్థకు 1932 నాటి భాగస్వామ్య చట్టం ఉన్నది. కానీ ఒక వ్యక్తి తన ఆస్తిపై తన పేరుతోనే అద్దె తీసుకుంటూ ఉంటే, అతను పెట్టుకున్న పేరును నమోదు చేసే ప్రత్యేక రిజిస్టరు అంటూ లేదు. మన రాష్ట్రంలో దుకాణాలు, వ్యాపార సంస్థల నమోదుకు 1988 నాటి చట్టం ఉన్నది. దుకాణాలు, భోజనశాలలు, లాడ్జీలు, సినిమాహాళ్ల వంటివి దాని పరిధిలోకి వస్తాయి. సంసారాలు చేసుకునేవారికి గదులు ఇచ్చి నెలకోసారి అద్దె తీసుకోవడం ఆ జాబితాలోనిది కాదు. అద్దె ఒప్పందంలో యజమాని పేరుంటే చాలు, రసీదు మీద యజమాని సంతకముంటే చాలు. ఉద్యోగి అయిన కిరాయిదారుడు తన ఇంటద్దె భత్యానికి లెక్క చూపాలంటే, ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటినప్పుడు అడిగేది కూడా యజమాని పాన్ నంబరునే. సంస్థ పేరును ఎవరూ అడగరు.

గేటు మీద ‘బైతుల్ అమన్’ అనో, ‘రహమత్ మంజిల్’ అనో రాసుకోవడం వేరే సంగతి. అది ఇంటి పేరు. ఇంటికి పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మేనమామ మాట పూర్తిగా అబద్ధమని కాదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి. ఉదాహరణకు కాలిఫోర్నియాలో తన ఇంటిపేరు లేని కల్పిత నామంతో వ్యాపారం మొదలుపెట్టిన వ్యక్తి 40 రోజుల్లోగా కౌంటీ కార్యాలయంలో ఆ పేరును దాఖలు చేయాలి. ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో ప్రజలకు తెలియాలన్నదే దాని ఉద్దేశం. సొంత పేరుతో అద్దె తీసుకునేవాడికి అక్కడ కూడా ఆ అవసరం రాదు. దుబాయిలో పని చేసి వచ్చిన సోదరులకు ‘ఇజారీ’ గుర్తుండే ఉంటుంది. ‘నా అద్దె’ అని ఆ మాటకు అర్థం. 2007 నాటి 26వ నంబరు చట్టం ప్రకారం అక్కడ అద్దె ఒప్పందాన్ని నమోదు చేయించాలి. గమనించండి, అక్కడ నమోదు చేసేది ఒప్పందాన్నే.

ఇక పన్ను. బోర్డు పెట్టి ‘వ్యాపారం’ అని పిలిస్తే ఖర్చులన్నీ మినహాయించుకోవచ్చన్న ఆశ చాలామందిలో ఉన్నది. ఇంటి అద్దెను ఆదాయపు పన్ను చట్టం ఎప్పటి నుంచో ‘గృహాస్తి నుంచి ఆదాయం’గానే లెక్కిస్తున్నది. అద్దెలు వసూలు చేసుకోవడమే ప్రధాన లక్ష్యంగా ఏర్పడిన ఒక చెన్నై కంపెనీ విషయంలో సుప్రీంకోర్టు 2015లో దాన్ని వ్యాపార ఆదాయంగా ఒప్పుకున్నది. ఆ తీర్పును చూపి కొందరు సామాన్యులు కూడా తమ అద్దెలను వ్యాపారం కింద చూపసాగారు. 2024లో జరిగిన సవరణ నివాస గృహాల విషయంలో ఆ దారి మూసివేసింది. నివాసానికి ఇచ్చిన ఇంటి అద్దెను యజమాని గృహాస్తి ఆదాయంగానే చూపాలి, వ్యాపార ఆదాయంగా చూపరాదు. బోర్డు మీద ఏమి రాసినా ఈ లెక్క మారదు. అందులోనే ఒక మేలూ ఉన్నది. చెల్లించిన ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం ఏ బిల్లులూ చూపకుండానే మినహాయింపుగా లభిస్తుంది.

ఉమ్మడి కుటుంబపు పాన్ కార్డు సంగతి ఇంకా చిత్రం. ‘అవిభక్త హిందూ కుటుంబం’ అనే పన్ను వ్యవస్థ ముస్లింలకు వర్తించదు. మన షరీయత్‌లో పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు అంటూ లేదు. తండ్రి బ్రతికి ఉన్నంతవరకు ఆస్తి తండ్రిదే, ఆయన మరణించిన క్షణం నుంచి అది వారసులది, ఎవరి వాటా వారిదే. పక్క వీధి మిత్రుడికి కలిసొచ్చింది మనకు కలిసి రాదు.

ఈ ‘ఎవరి వాటా వారిదే’ అన్న మాటను అంకెల్లో చూద్దాం. చనిపోయినాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆయన తల్లిదండ్రులు ముందే గతించారు. ఐదు గదులు, ఒక్కో గదికి నెలకు 4,000, మొత్తం 20,000 రూపాయలు. కఫన్ దఫన్ ఖర్చులు, అప్పులు, వసీయత్ ఉంటే మూడో వంతుకు మించకుండా అది, ఇవన్నీ ముందు తీరాలి. భార్యకు ఇవ్వవలసిన మహర్ బాకీ ఉంటే అదీ అప్పే. చాలా ఇళ్లలో ఈ అప్పు ఎవరి లెక్కలోనూ ఉండదు. అవి తీరిన తర్వాత దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా నిర్ణయించిన ప్రకారం సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో ఒక్కో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. అంటే నెల అద్దెలో తల్లికి 2,500, కొడుకులకు 7,000 చొప్పున, కూతురికి 3,500.

పన్ను చట్టం సరిగ్గా ఈ వాటాలనే గుర్తిస్తుంది. ఒక ఇంటికి పలువురు యజమానులుండి, వారి వాటాలు స్పష్టంగా తెలిసినవైతే, వారందరినీ కలిపి ఒక సంఘంగా చూడకూడదని, ఎవరి వాటా వారి ఆదాయంలోనే చేర్చాలని 1961 నాటి చట్టంలోని 26వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చినా, సెక్షన్ల అంకెలు మారాయి తప్ప ఈ సూత్రం మారలేదు. మన కుటుంబంలో కూతురి ఏడాది వాటా 42,000, తల్లిది 30,000, ఒక్కో కొడుకుది 84,000. వేరే ఆదాయం లేకపోతే వీరిలో ఎవరూ పన్ను పరిమితి దరిదాపులకు కూడా రారు. కొత్త విధానంలో ఆ పరిమితి 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి 4 లక్షలు.

ఇదే ఆస్తిని ఒక భాగస్వామ్య ఫర్ముకు అప్పగించారనుకోండి. ఫర్ముకు కనీస మినహాయింపు అన్నదే లేదు, మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. ఏడాది అద్దె 2,40,000లో ఆ 30 శాతం మినహాయింపు కింద 72,000 తీసివేస్తే 1,68,000 మిగులుతుంది. దానిపై పన్ను 50,400. సెస్సు మరో 2,016. మొత్తం 52,416 రూపాయలు. ఆదాయం ఉన్నా లేకపోయినా ఏటా రిటర్ను దాఖలు చేయాలి, అది రాసిపెట్టేవారికి ఫీజు ఇవ్వాలి. ఒక పేరు కోసం, ఐదు గదుల మీద.

వస్తు సేవల పన్ను గురించి కంగారు పడేవారికి రెండు ముక్కలు చాలు. నివాసం కోసం సామాన్య కుటుంబానికి ఇచ్చిన ఇంటి అద్దెపై జీఎస్టీ లేదు. దుకాణాలకు, కార్యాలయాలకు ఇచ్చినవైతే పన్ను ఉన్నది. అయితే యజమాని వార్షిక రాబడి 20 లక్షలు దాటనంతవరకు అతను నమోదు చేసుకోనవసరం లేదు. నమోదు లేని యజమాని నుంచి, జీఎస్టీ నమోదున్న వ్యాపారి దుకాణాన్ని అద్దెకు తీసుకుంటే 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్నును సాధారణంగా కిరాయిదారుడే నేరుగా కట్టాలి. ఐదు గదులవారికి ఇవేవీ అంటవు.

ఇంతవరకు చెప్పినదంతా లెక్కల వ్యవహారం. నిజానికి ఆ బోర్డులో నన్ను ఆపినది ‘రెంటల్స్’ అన్న మాట కాదు, ‘సన్స్’ అన్న మాట.

మన ఫిఖ్ పండితులు భాగస్వామ్యాన్ని రెండు రకాలుగా వర్గీకరించారు. మొదటిది షిర్కతుల్ మిల్క్, అంటే ఒకే ఆస్తికి పలువురు యజమానులు కావడం. వారసత్వం వల్లనో, కలిసి కొనడం వల్లనో ఇది ఏర్పడుతుంది. రెండవది షిర్కతుల్ అఖ్ద్, అంటే లాభం కోసం ఒప్పందం చేసుకుని వ్యాపారంలో కలవడం. (బహుదైవారాధనను సూచించే ‘షిర్క్’ కూడా ఈ ధాతువు నుంచే వచ్చింది గనుక మాట విని ఎవరూ ఉలిక్కిపడనవసరం లేదు. ఇక్కడ దాని అర్థం పాలు పంచుకోవడం మాత్రమే.) వ్యాపార భాగస్వామి రెండో భాగస్వామి తరఫున కొనగలడు, అమ్మగలడు. ఆస్తి భాగస్వామికి ఆ అధికారం లేదు. తోబుట్టువు వాటా విషయంలో అతను పరాయివాడితో సమానమని ఫుఖహా స్పష్టం చేశారు. అనుమతి లేకుండా ఆ వాటాను అతను వాడుకోలేడు, తాకట్టు పెట్టలేడు, దాని మీది రాబడిని తనదనుకోలేడు.

విశేషమేమిటంటే 1932 నాటి భాగస్వామ్య చట్టం కూడా ఈ రెండింటి మధ్య ఇలాగే గీత గీసింది. ఉమ్మడి ఆస్తి మీద వచ్చే రాబడిని యజమానులు పంచుకున్నంత మాత్రాన వారు భాగస్వాములు అయిపోరని దాని 6వ సెక్షన్ వివరణలో ఉన్నది. కాబట్టి అద్దె పంచుకునే అన్నాచెల్లెళ్లు ఫర్ము కారు, కానవసరమూ లేదు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక ముస్లిం కుటుంబపు ఆస్తి పంపకాల వివాదంలో 1971లో వచ్చిన తీర్పు ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. చనిపోయిన ముస్లిం ఆస్తిలోని ప్రతి భాగంలోనూ ప్రతి వారసుడికీ ఒక నిర్దిష్టమైన వంతు ఉంటుందని, పంపకం జరగకముందే ఆ వాటాలు నిర్ణయమై ఉంటాయని ఆ తీర్పు పేర్కొన్నది. అంటే ఐదు గదుల్లో చెల్లెలికి ‘ఒక మూల గది’ ఇవ్వడమా మానడమా అన్నది అన్నల దయ కాదు. ప్రతి గదిలో, ప్రతి ఇటుకలో, వేపచెట్టు నీడపడే ఆ జానెడు నేలలో కూడా ఆమె వంతు ఉన్నది. తండ్రి కన్నుమూసిన క్షణానే అది ఆమెకు సంక్రమించింది.

ఈ మాట అనగానే మన ఇళ్లలో వినిపించే జవాబు నాకు తెలుసు. “ఆపా ఏమీ అడగలేదు.” “పెళ్లికి అబ్బా అంత ఖర్చు పెట్టారు కదా.” “ఇచ్చినా తీసుకోదు, మాకే వదిలేసింది.” అడగకపోవడం వదులుకోవడం కాదు. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో ఎందరో ఆడపడుచులు నోరు మూసుకుంటారు. పెళ్లిలో పెట్టిన ఖర్చు వారసత్వం కాదు, తండ్రి బ్రతికుండగా ఇచ్చినది కానుక. ఇక వదులుకోవడమంటారా, తన వాటా ఎంతో లెక్క తెలిసి, అది చేతికి అందే అవకాశం ఉండి, ఇష్టపూర్వకంగా ఇస్తేనే అది ఇచ్చినట్టు. వాటా ఎంతో చెప్పకుండానే సంతకం పెట్టించుకున్న కాగితాన్ని ఏ మనస్సాక్షి ఒప్పుకుంటుంది? ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా అందులో స్త్రీలకు నిర్ణీత భాగం ఉన్నదని అన్నిసా సూరా ఏడవ ఆయత్ చెబుతున్నది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని మహాప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ హదీసు మనం వినని జుమా ఉండదు. విన్న తర్వాత బోర్డు రాయించేటప్పుడు గుర్తుకు రాకపోవడమే వింత.

‘సన్స్’ అన్న మాటలో దురుద్దేశం లేకపోవచ్చు. బోర్డు రాసే పెయింటరు అలవాటుగా రాసిన మాట అయివుండవచ్చు. కానీ ఒక సహయజమాని అద్దె వసూలు చేసినంత మాత్రాన మిగిలినవారి హక్కు పోదు అన్న రక్షణ చట్టంలో ఉన్నా, ‘చెల్లెలికి ఇందులో ఏమీ లేదని ఊరందరికీ తెలుసు’ అని ఇరవై ఏళ్ల తర్వాత కోర్టులో వాదించేవారికి ఇలాంటి బోర్డే తొలి సాక్ష్యమవుతుంది. అప్పటికి ఈ అన్నలు ఉండకపోవచ్చు. వాదించేది వారి కొడుకులు, ఎదుట నిలబడేది ఆమె పిల్లలు.

మరి అవసరమైన పేర్లు ఏవి? పెదవేగికి రాతతో పరిచయం నిన్న మొన్నటిది కాదు. ఒకనాడు వేంగి రాజధానిగా వెలసిన ఈ ఊళ్లో శాలంకాయనుల కాలపు రాగిరేకులే దొరికాయి. ఏ భూమి ఎవరికి చెందిందో వాటి మీద చెక్కించి పెట్టారు. మన పని అంత కష్టం కాదు. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవపత్రంలో తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురి పేర్లూ ఉండాలి. పెళ్లయిపోయింది గనుక కూతురి పేరు అక్కర్లేదని చాలాచోట్ల అర్జీలోనే వదిలేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. పంచాయతీలో ఇంటిపన్ను తండ్రి పేరు మీది నుంచి మార్పించేటప్పుడు కూడా నలుగురి పేర్లూ నమోదు చేయమని కోరాలి. ఇంటిపన్ను రసీదు హక్కు పత్రం కాదు, నిజమే. అయినా తగాదా వచ్చినప్పుడు అందరూ ముందు తీసి చూపేది దాన్నే.

అద్దె ఒప్పందంలోనూ యజమానుల వైపు నలుగురి పేర్లుండాలి. అందరూ ప్రతిసారీ సంతకానికి రాలేరు గనుక పెద్దన్నను మిగిలిన ముగ్గురూ రాతపూర్వకంగా వకీలుగా, అంటే ప్రతినిధిగా నియమించుకోవచ్చు. వకాలత్ మన షరీయత్‌కు కొత్తది కాదు. వకీలు చేతికి వచ్చిన సొమ్ము అతని దగ్గర అమానత్.

ఒప్పందాల విషయంలో మన రాష్ట్రంలో ఒక పెద్ద అపోహ ఉన్నది. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది దేశమంతటా వినిపించే మాట. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అది మిగతా చాలా రాష్ట్రాల్లో నిజమే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ వల్ల 1999 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర స్థిరాస్తి కౌలు, అద్దె పత్రాలన్నీ, గడువు ఎంతైనా సరే, రిజిస్టరు కావలసినవే. రిజిస్టరు కాని పత్రంలోని షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టడం కష్టం. ‘బిజినెస్ పేరు రిజిస్టర్ చేయాలా’ అని అడిగే మన సోదరులు, రిజిస్టరు చేయవలసిన అద్దె పత్రాన్ని వంద రూపాయల స్టాంపు కాగితంతో సరిపెట్టుకుంటున్నారు. వద్దన్న చోట ఖర్చు, కావలసిన చోట పొదుపు!

బాకీ వ్యవహారాలను రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అల్‌బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశించింది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అదే కావడం ఆలోచించదగిన విషయం. హజ్రత్ మూసా (అ) మద్యన్‌లో పనికి కుదిరినప్పుడు కూడా గడువు ఎనిమిదేళ్లని, పది పూర్తి చేస్తే అది ఆయన ఇష్టమని ముందే తేల్చుకున్నట్లు అల్‌ఖసస్ సూరా తెలుపుతున్నది. ఇజారా చెల్లుబాటు కావాలంటే ఇచ్చేది ఏమిటో, ఎంత కాలానికో, ఎంత అద్దెకో ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలి. గోడ పగిలితే, కప్పు కారితే బాగుచేయించే బాధ్యత యజమానిది. కిరాయిదారుడు వాడుకలో పాడుచేసినది అతనిది. అడ్వాన్సుగా తీసుకున్న సొమ్ము ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి అన్నది కూడా పత్రంలోకి ఎక్కాలి. చనిపోయినాయన తీసుకున్న అడ్వాన్సులు ఇప్పుడు ఆయన అప్పులు. వాటి బాధ్యత వారసులందరిపై వారి వాటాల మేరకు ఉంటుంది.

బోర్డు పెడితే గదులు వ్యాపార సరుకు అయిపోయి వాటి విలువ మీద జకాత్ ఇవ్వాలా అన్న సందేహం కూడా కొందరికి వస్తుంది. అమ్మే ఉద్దేశంతో కొన్న స్థలాల సంగతి వేరు. అద్దెకిచ్చే ఇంటి విలువపై జకాత్ లేదు. వచ్చిన అద్దెలో ఖర్చులు పోగా మిగిలి, నిసాబుకు చేరి, ఏడాది నిలిచిన సొమ్ముపై రెండున్నర శాతం ఇవ్వాలి. 1985 డిసెంబరులో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానమూ ఇదే. ఇక్కడ కూడా ఎవరి వాటాకు వారే బాధ్యులు. చెల్లెలి సొమ్ము తన పెట్టెలో పెట్టుకున్న అన్న, దానికి కూడా కలిపి జకాత్ ఇచ్చానని తృప్తి పడితే ఆ తృప్తికి ఆధారం లేదు.

పేరు నిజంగా అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. ఖాళీ జాగాలో ఫంక్షన్ హాలు కడితే, వండి వడ్డించే హాస్టలు నడిపితే, కైకలూరు వైపు ఆటపాక పక్షుల కేంద్రం చూడవచ్చే యాత్రికులకు రోజువారీ గదులిస్తే అది అద్దె కాదు, వ్యాపారమే. అప్పుడు దుకాణాల చట్టం కింద నమోదు, స్థానిక సంస్థ అనుమతి, పేరు, ఆ పేరున కరెంటు ఖాతా అన్నీ కావాలి. ఇతరుల పెట్టుబడి కూడా కలిస్తే భాగస్వామ్య పత్రం రాసుకుని ఫర్మును రిజిస్టరు చేయించుకోవడమే మేలు. ఫర్ము రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, అది లేని ఫర్ము తన ఒప్పందాల విషయంలో ఇతరుల మీద దావా వేయలేదని 69వ సెక్షన్ చెబుతున్నది. అయితే ఒక జాగ్రత్త. ఇల్లు ఒకసారి ఫర్ము ఆస్తి అయితే, ఇటుకల్లో ఉన్న హక్కు లెక్కల పుస్తకంలోని అంకెగా మారుతుంది. అందుకని తల్లి, చెల్లెలు ఆ భాగస్వామ్యంలో చేరతారా, తమ వాటాను విడిగా ఉంచుకుంటారా, అమ్ముతారా అన్నది వారే నిర్ణయించుకోవాలి. వారికి వేరే సలహాదారుడు ఉండాలి. ఇద్దరు భాగస్వాముల్లో ఒకరు రెండో వారిని మోసగించనంతవరకు వారికి తోడుగా మూడోవాడుగా తానుంటానని అల్లాహ్ సెలవిచ్చినట్లు అబూదావూద్ సంకలనంలోని ఒక హదీసె ఖుద్సీ తెలుపుతున్నది. అటువంటి తోడున్న సంస్థకు ఏ పేరు పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

మన ఉదాహరణలోని ఇంటికే తిరిగి వద్దాం. ఇద్దత్ ముగిసిన తర్వాత తల్లి పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టిందనుకుందాం. ఒక నోటు పుస్తకం తెప్పించింది. నాలుగు నిలువు గీతలు, నాలుగు పేర్లు. ఆ నెల ఐదు గదుల అద్దె 20,000 వచ్చింది. నీళ్ల మోటారు బాగుచేయించడానికి 1,200 అయింది. మిగిలిన 18,800లో తల్లికి 2,350, కొడుకులకు 6,580 చొప్పున. తాడేపల్లిగూడెంలోని చెల్లెలి బ్యాంకు ఖాతాలోకి 3,290 రూపాయలు వెళ్లాయి.